నాలుగో మూల పట్టినవాడు

మా అన్న శవం పక్కన నిలబడి, ఆయన ముగ్గురు కూతుళ్ళ మొహం మీదే "మీ నాన్నని మీరే సంపేసేరు" అన్నాను. ఆ రోజు నేను చేసిన తప్పు అది. ముందుగా దాన్ని ఒప్పుకోకుండా తర్వాత జరిగింది చెప్తే, చదివేవాళ్ళు నన్ను మంచివాడనుకునే ప్రమాదం ఉంది. ఒకసారి కొందరిని అలా అనుకోనిచ్చాను. ఇక చాలు.

దయ్యాలనీ, చనిపోయినవాళ్ళు తిరగడాన్నీ నేనెప్పుడూ నమ్మలేదు. చెరకు తోటకి కావలి ఉండి శ్మశానం గట్టు మీద హాయిగా నిద్రపోయినవాణ్ణి. ఎవరైనా తోటలో తెల్లచీర కనిపించిందంటే, ఆ చీర ఎవరిదో మర్నాడు కనుక్కుని చెప్పి ఊరంతా నవ్వించేవాణ్ణి. అమ్మవారిని మాత్రం నమ్మేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతాను. ఈ రెండూ వేరు వేరు సంగతులు.

ఇది అరవయ్యో దశకం చివర జరిగింది. అప్పటికింకా మా వైపు మశూచి పోలేదు. దాని పేరెత్తేవాళ్ళం కాదు. అమ్మవారు పోసింది అనేవాళ్ళం.

మాది విజయనగరం దగ్గర వ్యవసాయ కుటుంబం. మేమిద్దరం అన్నదమ్ములం. అన్న పేరు సూర్యనారాయణ. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనికి కుదిరాక అక్కడి క్రైస్తవులతో స్నేహమై, బాప్తిస్మం పుచ్చుకుని ప్రకాశం అయ్యాడు. మా నాన్న బతికున్నంత కాలం ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. నాన్న పోయాక రాకపోకలు నేనే మొదలుపెట్టాను. దాన్ని నా మంచితనంగా చెప్పుకునేవాణ్ణి కూడా. కొత్త బియ్యం, బెల్లం పట్టుకెళ్ళి వాళ్ళింట్లో దింపి, "మీ యేసుకి కూడా కొంచెం పెట్టండే" అని పిల్లల్ని ఏడిపించేవాణ్ణి.

వదిన చాలా ఏళ్ళ క్రితమే పోయింది. పెద్దపిల్ల సువార్తమ్మ బడిలో పాఠాలు చెప్పేది. రెండోది కరుణ, చదువు ముగించి నర్సు శిక్షణ కోసం ఎదురుచూస్తోంది. చివరిది ఎస్తేరు, ఇంకా బడిపిల్ల. ఇంట్లో అందరికీ పనులు పురమాయించేది. అందుకని దాన్ని నేను మేస్త్రమ్మా అని పిలిచేవాణ్ణి. ఆ పిలుపు నాదొక్కడిదే.

నా మొహం నిండా మచ్చలున్నాయి. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసింది. అప్పుడు మా అమ్మ కూడా దగ్గరికి రావడానికి జంకితే, అన్న నా పక్కన కూర్చుని చెంచాతో తరవాణి తాగించాడట. ఆయనకి అంటలేదు. అప్పుడు రానిది ఇప్పుడేం వస్తుందని పెద్దయ్యాక కూడా టీకా వేయించుకోలేదు. కూతుళ్ళకి మాత్రం బడిలో వేశారు.

ఆ వేసవిలో అన్నకి జ్వరం వచ్చి, ఒంటి మీద పొక్కులు లేచాయి. కబురు అందగానే నేను వేపమండలు, పసుపు, కొత్త కుండ పంపించాను. గుమ్మానికి మండలు కట్టి, అమ్మవారి పేర ఘటం పెట్టి, చల్లబడే దాకా మొక్కుకోమన్నాను. తీసుకెళ్ళినవాడు అన్నీ తిరిగి పట్టుకొచ్చాడు. నాన్న వద్దన్నాడు, మేం ప్రార్థన చేస్తున్నాం, నువ్వొచ్చి చూసి వెళ్ళు చిన్నాన్నా అని సువార్తమ్మ కబురు పెట్టింది.

నాకు రోషం వచ్చింది. వెళ్ళలేదు.

మళ్ళీ కబురొచ్చింది. ఈసారి అన్న పోయాడని.

నేను వెళ్ళేసరికి పొద్దెక్కింది. వాళ్ళ పేట మిల్లు వెనక ఉండేది. చుట్టుపక్కల తలుపులన్నీ మూసి ఉన్నాయి. వడ్రంగి పెట్టె చేసి వీధిలోనే వదిలేసి వెళ్ళిపోయాడు. దాన్ని అరుగు మీదికి లాక్కున్నది ఆడపిల్లలే. శవానికి స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టింది కూడా వాళ్ళే. చర్చిలో మగవాళ్ళు లేకపోలేదు. కాని ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళు. గొయ్యి తవ్వుతాం, దూరాన నిలబడి పాట పాడతాం, పెట్టె మాత్రం ముట్టుకోలేం అన్నారు. వాళ్ళని నేను తప్పు పట్టలేను. మా బంధువులైతే ఆ మాత్రం దూరానికి కూడా రాలేదు.

పాస్టరుగారు ముసలాయన. అరుగు మీద కూర్చుని బైబిలు తెరిచి పట్టుకున్నారు. చదవడం లేదు.

నేను సువార్తమ్మతో, ఇప్పటికైనా శవం మీద వేపాకు వేసి, దారిలో అమ్మవారి గద్దె దగ్గర ఒక కోడిని కోసి వెళ్దామన్నాను.

"నాన్న తెలివున్నప్పుడే సెప్పీసేడు సిన్నాన్నా. అలాటివేటీ సెయ్యొద్దన్నాడు. కీర్తన పాడి మట్టి సెయ్యమన్నాడు. నాను మాటిచ్చేను."

"సచ్చిపోయినోడికి ఇచ్చిన మాటేటే? రేపు ఊరంతా పోస్తే ఎవుడిది పాపం?"

"ఊరికి మందుంది. టీకా ఏసుకోమను."

ఆ మాట నెమ్మదిగానే అంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కాని నాకు అది పొగరులా వినిపించింది. అప్పుడు అన్నాను ఆ మాట. మండలు కట్టి ఉంటే బతికేవాడు, మీ పంతానికి పోయాడు, మీ నాన్నని మీరే సంపేసేరు అని.

కరుణ చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని పిండుతూ పిండుతూ ఆగిపోయింది. ఎస్తేరు విననట్టే అక్క వైపు తిరిగి, "సిన్నాన్న ఏటన్నాడక్కా?" అంది.

"ఏటీ నేదు. నువ్వా దుప్పటి మడత పెట్టు" అని, సువార్తమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వన్నదానికి తర్వాత జవాబు సెప్తాను. ముందు నాన్నని మొయ్యాల. మాం ముగ్గురుం మూడు మూలలు పడతాం. నాలుగోది నువ్వు పట్టు. నీకు ఒకసారి పోసీసింది, మరి రాదు కదా."

ఆ పేటలో, ఆ రోజు, ఏ భయం లేకుండా ఆ పెట్టె మోయగల మగవాణ్ణి నేనొక్కణ్ణే. అది నాకూ తెలుసు.

"మీ దేవుడున్నాడు కదే. పిలవండి, ఆయనే వచ్చి పడతాడు" అని వచ్చేశాను.

రోడ్డెక్కి విజయనగరం చేరాను. అక్కడ నా బావమరిది అప్పన్న లారీ సాలూరు బయలుదేరుతోంది. ఎక్కేశాను.

"అన్న పోయేడంతన్నావు, ఇక్కడేటి సేస్తన్నావు బావా?" అన్నాడు వాడు.

"ఆళ్ళ మతమోళ్ళు సూసుకుంతన్నారు" అన్నాను.

మిల్లు మధ్యాహ్నం కూత కూసే వేళకి మేం రామభద్రపురం దాటాం. అక్కడ వెనక టైరు పోయింది. ఎండలో జాకీ ఎత్తి, నేనూ అప్పన్నా కలిసే టైరు మార్చాం. క్లీనరు మమ్మల్నిద్దర్నీ చూసి నవ్వుకుంటూ నీడన కూర్చున్నాడు. నేను నిద్రపోలేదు. తాగలేదు. అప్పన్న కంటికి దూరం కాలేదు. ఇది ఎందుకు ఇంతగా చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

సాలూరులో అత్తవారింట్లో కొన్నాళ్ళు ఉండిపోయాను. ఇంటికి వెళ్తే నా భార్య అడుగుతుంది, చెప్పాలి. ఎన్నాళ్ళు ఉంటాను? చివరికి, పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చివాళ్ళు జరిపే ఆదరణ కూడిక పెట్టారని తెలిసి, వెళ్ళకపోతే బాగుండదని నెల్లిమర్ల బయలుదేరాను. క్షమాపణ అడగడానికని చెప్పుకోను. నలుగురూ ఏమనుకుంటారోనని.

రైలు కట్ట దగ్గర టీ కొట్టువాడు నాకు తెలిసినవాడే. అమ్మవారికి ఏటా జాతర చందా వసూలు చేసేవాడు. నన్ను చూడగానే, "ఏటి నాయుడూ, ఆవేళ పిలిస్తే పలక్కుండా ఎల్లిపోయేవు?" అన్నాడు.

నేను పేట నుంచి వచ్చేసినప్పటి సంగతి అనుకుని, "తొందరలో ఉన్నాన్రా" అన్నాను.

"ఏటి తొందర? పెట్టె మోసి ఒచ్చినోడివి కాళ్ళు కడుక్కుంతావని నీళ్ళు తోడి ఉంచేను. అలగ కట్ట దిగి ఎల్లిపోయేవు. సరేలే, ఆడపిల్లల పరువు నిలబెట్టేవు. నానైతే సెయ్యలేను బాబూ."

వెటకారం అనుకున్నాను. వాడి మొహం చూస్తే వెటకారం లేదు. పేట వైపు నడిచాను.

పేటలో అడుగుపెట్టగానే పాస్టరుగారు ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. కోపంలో మనిషి ఏదో అంటాడు, తిరిగి రావడం గొప్ప అన్నారు. లోపల చాప వేసి కూర్చోబెట్టారు. సువార్తమ్మ నాకే మొదట విస్తరి వేసింది.

"ఆవేళ అన్నం తినకుండా పోయేవు సిన్నాన్నా. మోసినోడు ఎంగిలి పడకుండా ఎల్లకూడదు కదా. ఈవేళైనా కడుపునిండా తిను."

అన్నం కలుపుతూ, నాకేదో గుర్తులేనట్టు, ఆవేళ ఎలా జరిగిందో చెప్పమన్నాను. దుఃఖంలో మనిషికి తెలివి ఉండదని వాళ్ళే అనుకుని చెప్పారు.

మిల్లు కూత అయ్యాక పెట్టె ఎత్తారట. సువార్తమ్మ, కరుణ ముందు. వెనక ఎస్తేరు, పాస్టరుగారు. నాలుగు అడుగులు వేశారో లేదో పాస్టరుగారి మోకాళ్ళు ఒంగిపోయాయి. పెట్టె ఒక పక్కకి ఒరిగింది. అప్పుడు సందులోంచి నేను వచ్చానట. తలకి తువ్వాలు చుట్టుకుని, చెప్పులు లేకుండా. ఎవరితోనూ మాట్లాడకుండా పాస్టరుగారిని పక్కకి జరిపి భుజం పెట్టానట. రైలు పట్టాలు దాటి సమాధుల తోట దాకా భుజం మార్చలేదట. గోతిలోకి తాడు వదిలింది నేనేనట. మట్టి వేశాక అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. కళ్ళు తెరిచేసరికి నేను లేను.

"పట్టాల మీద నా కాలు తట్టుకుంది" అంది ఎస్తేరు. "నాన్న పడిపోతాడని ఎంత భయమేసిందో. నువ్వు 'మెల్లగా మేస్త్రమ్మా' అన్నావు కదా. మరి భయమెయ్యలేదు."

నేను అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆ పిల్ల నా విస్తట్లో కూర వేస్తూ నవ్వింది. తండ్రి పోయాక అది నవ్వడం అదే మొదలని కరుణ అంది. నోరు మూసుకున్నాను.

ఇంటికి వచ్చి చొక్కా విప్పి భుజం చూసుకున్నాను. ఇలాంటివి చెప్పేవాళ్ళు భుజం కమిలి ఉందనో, మట్టి అంటుకుందనో అంటారు. నాకేమీ లేదు. ఏ బరువూ మోయని భుజం ఎలా ఉంటుందో అలా ఉంది.

అప్పన్నని పిలిచి, ఆవేళ మధ్యాహ్నం నేను నీతోనే ఉన్నానా అని అడిగాను. "బావా, నీకు మతి పోయిందేటి? టైరు మార్చింది ఎవరు, మీ అయ్యా?" అన్నాడు. నాలాంటి మచ్చల మొహంవాళ్ళు ఆ రోజుల్లో ఊరికి పదిమంది ఉండేవారు. వాళ్ళలో ఎవరో జాలిపడి వచ్చి మోశాడని సర్దిచెప్పుకోవడానికి చూశాను. కాని ఎస్తేరుని ఆ పేరుతో పిలిచేవాడు ఎవడు? నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన పిల్లలు, మూరెడు దూరంలో, పట్టపగలు, నన్ను పోల్చుకోలేరా?

ఆ తర్వాత కొన్ని నెలలు నేను ఆ ఇంటికి పెద్దదిక్కునయ్యాను. కరుణ శిక్షణకి వెళ్ళాలా వద్దా అన్నది నన్నడిగారు. ఇంటి పైకప్పు కమ్మలు నేను దగ్గరుండి మార్పించాను. అన్నతో నాకు ఎప్పుడూ లేనంత చనువు ఆ పిల్లలతో ఏర్పడింది. ఎస్తేరు నాకు ఎదురొచ్చి సంచీ అందుకునేది. ప్రార్థన చేసుకునేటప్పుడు నా పేరు కూడా చెప్పేవారు. పక్క గదిలో కూర్చుని వినేవాణ్ణి. నేను చేయని పనికి దేవుడికి కృతజ్ఞతలు చెప్తుంటే వినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చెప్తే ఇదంతా పోతుంది. చెప్పకపోతే ఇదంతా దొంగసొత్తు. రోజూ ఒకటే లెక్క, రోజూ ఒకటే జవాబు. రేపు చెప్తాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం సువార్తమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. చెల్లెళ్ళు ఇంట్లో లేరు. "సిన్నాన్నా, నువ్వా రోజు తిరిగి రాకపోతే నాను నీ మొహం సూసేదాన్ని కాదు" అంది. మామూలుగానే అంది, చేటలో రాళ్ళు ఏరుతూ. అప్పుడు చెప్పేశాను. లారీ, టైరు, సాలూరు, అంతా.

మొదట నమ్మలేదు. వినయం కొద్దీ అంటున్నానేమో అనుకుంది. అప్పన్నని తీసుకొచ్చి చెప్పించనా అన్నాను. అప్పుడు చేట కింద పెట్టింది.

"అయితే మోసినోడికి మాం అన్నం పెట్టలేదన్నమాట" అంది.  "ఎవులో తెలవదు. తిన్నాడో నేదో తెలవదు. ఇన్నాళ్ళూ నీకు పెట్టేం."

నేను తల వంచుకున్నాను.

"నీకో జవాబు బాకీ ఉన్నాను కదా, ఇప్పుడు విను" అంది. "నాన్నని మాం సంపేమా అని నువ్వనకపోయినా మాకూ అనిపించును. మందేదైనా మర్సిపోయేమా, పెద్దాస్పత్రికి బేగి తీసికెల్తే బతుకునా అని. ముగ్గురికీ అనిపించింది. కానీ నువ్వనేవు. అందుకని అది నీ గొంతుతో వినిపిస్తాది. ఎస్తేరుకి నిద్దర్లో వినిపిస్తాది. 'ఆ నోటితోనే మెల్లగా అన్నాడు కదమ్మా, భుజం పట్టేడు కదమ్మా' అని సెప్పి దాన్ని పడుకోబెట్టేదాన్ని. ఇప్పుడేటి సెప్పాల?"

నేను అరుగు మీంచి లేచాను. 

"ఎల్లిపో సిన్నాన్నా. నాను పిలిసేదాకా రాకు" అంది. ఏడవలేదు. మళ్ళీ చేట అందుకుంది.

పాస్టరుగారికి కూడా చెప్పాను. ఆ రోజు వచ్చింది ప్రభువే అన్నారాయన. మీ దేవుణ్ణి పిలవండి అని వెక్కిరించింది నేనే కాబట్టి ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది. కాని ప్రభువే అయితే నా మొహం ఎందుకు తొడుక్కున్నాడు? అంత ప్రేమ ఉన్నవాడికి వేరే మొహం దొరకలేదా? నా భార్య మాత్రం మీ అన్నే వచ్చి తన పెట్టె తనే మోసుకున్నాడు, మీ ఇద్దరి పోలిక ఒకటే కదా అంది. అన్న మొహం మీద మచ్చల్లేవు. ఉన్నవల్లా చివరి రోజుల్లో వచ్చినవే. ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది. అందుకని తలుచుకోను. నాకు తెలిసింది ఇంతే. అక్కడ ఉండాల్సినవాణ్ణి నేను, ఉన్నవాడు నేను కాదు. ఎవరో నేను చెప్పలేను.

పిలవకుండానే ఒక్కసారి వెళ్ళాను. ఇంటికి కాదు, చర్చికి. ఆరాధన అయ్యాక పాస్టరుగారి అనుమతితో లేచి, ఆడా మగా అందరి ముందూ, నేను అన్న మాటా, మోయని పెట్టె సంగతీ చెప్పాను. కొందరు నమ్మలేదు. ఒకాయన నేను కలగన్నానన్నాడు. ఎస్తేరు నన్ను చూడలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది. అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయనక్కర్లేదు.

తర్వాత మా ఊళ్ళో, అమ్మవారి గద్దె దగ్గర, జాతరకి చేరిన జనం ముందు అదే చెప్పాను. మా అన్న కూతుళ్ళ వల్ల మా అన్న పోలేదు, ఆయనకి టీకా లేదు, అందుకని పోయాడు. వాళ్ళే చంపారన్న మాట నా చేత అమ్మవారు అనిపించలేదు, నేనే అన్నాను. నేను మతం మారలేదు. గద్దెకి దండం పెట్టే చెప్పాను. పెద్దలు కొందరు కోప్పడ్డారు. ఒక ముసలమ్మ, "నాయుడు ఆళ్ళలో కలిసిపోయేడర్రా" అంది.

ఆ మరుసటి చలికాలం టీకాలు వేసే జట్టు మా వైపు వచ్చింది. మా ఊళ్ళో వాళ్ళని ఎవరూ గడప ఎక్కనివ్వరని తెలిసి, నేనే ఎదురెళ్ళి, ముందు మా ఇంటికి రమ్మన్నాను. జట్టులో తెల్లచీర కట్టుకుని కరుణ ఉంది. శిక్షణలో ఉండగానే పంపారట. నన్ను చూసి ఆగింది. వెనక్కి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. పెట్టె తెరిచి సూది తీసింది.

మా చిన్నకొడుకు గింజుకుంటున్నాడు. నా భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడి ఏడుస్తోంది. కరుణ నా వైపు చూడకుండానే, "సిన్నాన్నా, ఆ గుంటడి సెయ్యి గట్టిగా పట్టు. కదిలితే సూది పక్కకి పోతాది" అంది.

పట్టుకున్నాను. ఆ ఇల్లు అయ్యాక పక్కింటి తలుపు తట్టాను. ఆ తర్వాత దాని పక్కది. పొద్దు వాలేదాకా ఆ పిల్ల ముందు నడిచి, ఊళ్ళో ప్రతి తలుపూ తట్టి, తిట్టినవాళ్ళ చేత తిట్లు తిని, ఏడ్చే పిల్లల చేతులు ఒక్కొక్కటిగా పట్టుకున్నాను.